ఇంటి రక్షణకు రివాల్వర్, 4వ పాఠం: చేత్తో నింపిన తూటాలు రాత్రిపూట సిలిండర్‌లో ఉండొచ్చా?

పోయిన పాఠంలో ప్రెస్ (తూటాలు నింపే చేతి యంత్రం) మీద మీ మొదటి 50 తూటాలు నింపి రేంజిలో కాల్చి చూశారు కదా, ఇక అందరూ అడిగే ప్రశ్నకి వద్దాం. మా వీధి చివర ఉండే గుంటూరు తమ్ముడు కూడా మొన్న ఇదే అడిగాడు. "అన్నా, నేను నింపినవి కొన్నవాటికంటే బాగా ఒకే చోట పడుతున్నాయి, మరి ఇంట్లో రివాల్వర్‌లో కూడా ఇవే పెట్టుకుంటే ఏంటంట?" నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంటికి కంపెనీ తూటా, సాధనకి మీ చేతి తూటా. ఎందుకో చెప్పడానికే ఈ పాఠం.

కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట. ఇదంతా అమెరికాలో, చట్టప్రకారం తుపాకి ఉంచుకోగలిగినవాళ్ల కోసం. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకినే కాదు, తూటాలని కూడా దగ్గర ఉంచుకోనివ్వదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని కలవండి. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మాత్రం ప్రయత్నించొద్దు, మన 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం.

మొదటి కారణం రివాల్వర్ లోపలే ఉంది. మూడేళ్ల కిందట, అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న అయిదు తూటాల చిన్న రివాల్వర్ కొన్నాను, ఖాళీగా ఉంటే 425 గ్రాములు, చేతిలో ఉన్నట్టే ఉండదు. నేనే నింపిన .38 స్పెషల్ తూటాలు పెట్టి కాల్చాను. మూడు పేలాయి. నాలుగోసారి ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎంత నొక్కినా రాదు, తూటాలుండే సిలిండర్ అటూ తిరగదు, ఇటూ తిరగదు. రేంజి ఆఫీసర్ వచ్చి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, పావుగంట తంటాలు పడి తెరిచాడు. అయిదో తూటాలో గుండు కేస్‌లోంచి (తుపాకి మందు పోసే ఇత్తడి గొట్టం) ముందుకి జరిగి, సిలిండర్ మొహం దాటి బయటికొచ్చి ఫ్రేమ్‌కి అడ్డం పడింది. ఆ సీసపు ముక్క మీద ఫ్రేమ్ ఒరుసుకున్న గీత ఇప్పటికీ నాకు కళ్లకి కట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే రాత్రి రెండింటికి పిల్లల గది ముందు నిలబడి ఉండగా ఇది జరిగి ఉంటే అన్న ఆలోచన అక్కడే, ఆ బల్ల దగ్గరే వచ్చింది.

ఎందుకు జరిగిందంటే, బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాడు వెనక్కి తూలినట్టే. కాల్చినప్పుడు రివాల్వర్ వెనక్కి తన్నుతుంది, కాల్చని తూటాల కేస్‌లు వాటి వెనుక అంచు పట్టు వల్ల రివాల్వర్‌తో పాటే వెనక్కి పోతాయి, లోపలున్న గుండు బరువు వల్ల ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది కేస్ మూతి బిగింపు, గుండు చుట్టూ ఉన్న గాడిలోకి మడిచే క్రింప్. ఆ మడత పెట్టే అచ్చుని, అంటే డైని, నేను ఒక్క పిసరు వదులుగా పెట్టాను. బరువైన స్టీలు రివాల్వర్‌లో అవే తూటాలు వందలు కాల్చాను, ఒక్కటీ జరగలేదు. అంటే తప్పు ఎప్పుడూ ఉంది, తేలిక తుపాకి దాన్ని బయటపెట్టింది.

ఇంకో రెండు చోట్ల చేతి పని దెబ్బ తీస్తుంది. ప్రైమర్, అంటే మందుని అంటించే చిన్న బిళ్ల, పూర్తిగా కూర్చోక కేస్ అడుగు కంటే వెంట్రుకవాసి పైకి ఉంటే సిలిండర్ తిరగనివ్వదు. అంతకంటే భయపెట్టేది మందు. .38 స్పెషల్ కేస్ నల్లమందు రోజుల కొలతల నుంచి వచ్చింది, ఇప్పటి మందు అందులో అడుగున కాస్తే ఉంటుంది, కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, మీకు తెలియదు. అసలు పోయకపోతే ప్రైమర్ బలానికే గుండు వెళ్లి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది, "టప్" అని చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినగానే ఆగిపోండి, వెనకాలే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా పగులుతుంది. రేంజిలో ఆగిపోవచ్చు, ఇంట్లో అలాంటప్పుడు ఆ శబ్దం ఎవరికి వినిపిస్తుంది?

రెండో కారణం కోర్టు. 1989లో న్యూజెర్సీలో ఒక ఇంట్లో భార్య .38 తూటా తగిలి చనిపోయింది, ఆమె తనే కాల్చుకుందని భర్త చెప్పాడు. గాయం చుట్టూ మందు మసి ఎంత పడింది అన్నదాన్ని బట్టి ఎంత దూరం నుంచి పేలిందో ల్యాబ్ లెక్కగడుతుంది. తూటాలు ఆయన చేత్తో నింపినవి, మందు చాలా తక్కువ పోసినవి, పరీక్షలు మాత్రం కంపెనీ తూటాలతో జరిగాయి. ఆ వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. అది ఆత్మరక్షణ కేసు కాదు, ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. నేను పట్టుకున్నది ఒక్కటే: కంపెనీ పెట్టె మీద లాట్ నంబర్ ఉంటుంది, అదే రకం తూటా తెప్పించి కాల్చి చూడొచ్చు. మీ నోటుపుస్తకంలో రాసుకున్న లెక్కని నమ్మాలా వద్దా అన్నది ఎదుటి లాయర్ చేతిలో ఉంటుంది.

సరే, కంపెనీది అంటే ఏది? .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ కూడా పడుతుంది, తిరగేసి కుదరదు, మాగ్నమ్ కేస్ పొడవు. ఇంట్లోకి నేను .38 ప్లస్ పీ (మామూలు .38 కంటే కాస్త ఎక్కువ ఒత్తిడితో నింపింది) దగ్గరే ఆగుతాను. మాగ్నమ్ ఒత్తిడి పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ప్లస్ పీది 20,000. చీకటి గదిలో మాగ్నమ్ మెరుపుకి కాసేపు ఏమీ కనబడదు, శబ్దం సంగతి సరేసరి. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు చెవికి హాని అంటారు, ఏ రివాల్వరైనా అది దాటేస్తుంది, మాగ్నమ్ ఇంకా దాటుతుంది.

గోడలు మర్చిపోకండి. ఇక్కడివి మన ఊరి ఇటుక గోడలు కావు, అర అంగుళం జిప్సమ్ పలకలు రెండు, మధ్యలో ఖాళీ. మంచి తూటా ఏదైనా అలాంటివి కొన్ని దాటుతుంది. కాబట్టి తూటా ఎంచుకునే ముందు ఇల్లంతా తిరిగి, ఎటు వైపు కాల్చకూడదో, ఏ గోడ వెనకాల ఎవరు పడుకుంటారో చూసుకోండి. ఈ పని ఏ తూటా కొన్నా తప్పదు.

రెండంగుళాల బ్యారెల్ ఉంటే పొట్టి బ్యారెల్ కోసమే చేసిన బోలు మొన గుండు కొనండి, మామూలువి ఆ తక్కువ వేగానికి విచ్చుకోకపోవచ్చు. మణికట్టు బలహీనంగా ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లకి 148 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) వాడ్‌కటర్, అంటే మొన చదునుగా ఉండే గుండు, మెత్తగా తంతుంది, నాకు అభ్యంతరం లేదు.

ఇక మీ ప్రెస్‌కి అసలు పని. కొన్న తూటా గుండు ఎంత బరువుంటే మీ సాధన తూటా కూడా అంతే బరువు, దాదాపు అదే తన్ను ఉండేలా, అచ్చయిన లోడింగ్ పుస్తకంలో ఉన్న కొలత దాటకుండా నింపండి. 158 గ్రెయిన్లంటే 10 గ్రాముల పైచిలుకు, బంగారం కొట్లో ఇప్పుడు తులం అనేది అంతే. స్థిరమైన సైట్లున్న రివాల్వర్‌లో తేలిక గుండు కాస్త కిందికి తగులుతుంది, అందుకని ఒక బరువుతో సాధన చేసి ఇంకో బరువు ఇంట్లో పెట్టుకుంటే చేయి ఒకటి నేర్చుకుంటుంది, తుపాకి ఇంకోటి చేస్తుంది.

ఈ వారం పని. కొన్న తూటాల్లోంచి ఒకటి తీసి కాలిపర్‌తో పొడవు కొలిచి, మార్కర్‌తో గుర్తు పెట్టండి. సిలిండర్‌లో అది చివర పేలేలా పెట్టి, రేంజిలో మిగతావి కాల్చండి, గుర్తు పెట్టినదాన్ని మాత్రం కాల్చకుండా తీసి మళ్లీ కొలవండి. అదే పని మీరు నింపినదానితో చేయండి. పొడవు పెరిగితే ఆ రకం తూటా ఆ రివాల్వర్‌కి వద్దు, కంపెనీది అయినా సరే. రెండు కొలతలూ తేదీ వేసి రాసుకోండి, వచ్చే పాఠంలో క్రింప్ డై బిగించేది ఆ అంకెలు ముందు పెట్టుకునే.