కొత్త అపార్ట్‌మెంట్‌లో పుస్తకాల ర్యాక్ ఊగకుండా ఉండాలంటే

అమెరికా వచ్చిన కొత్తలో పరుపు, డైనింగ్ టేబుల్ తర్వాత చాలామంది కొనేది పుస్తకాల ర్యాక్. పుస్తకాల కోసమే అని కాదు. మన ఇళ్లలో అదే పూజ అలమరా, అదే పిల్లల బొమ్మల అర. వంటింట్లో చోటు చాలకపోతే బియ్యం బస్తా కూడా అందులోకే వస్తుంది. ఎక్కువ ఇళ్లలో కనిపించేది ఐకియా వాళ్లు 1979 నుంచి అమ్ముతున్న బిల్లీ, లేదంటే అలాంటిదే మరొకటి. ముక్కలుగా అట్టపెట్టెలో వస్తుంది, మనమే బిగించుకోవాలి. బిగించడం ఒక సాయంత్రం పని. ఏళ్ల తరబడి అది గట్టిగా నిలబడాలంటే మాత్రం కొన్ని సంగతులు మొదటి రోజే తెలిసి ఉండాలి.

ఇది టేకు చెక్క కాదు, పార్టికల్ బోర్డు. కర్రపొట్టులో జిగురు కలిపి అదిమి, పైన పలచటి పొర అంటిస్తారు. టేకులో స్క్రూ విప్పి మళ్లీ బిగించినా పట్టు ఉంటుంది. ఇందులో స్క్రూ తిరిగిన ప్రతిసారీ రంధ్రం లోపల కొంత పొట్టు రాలిపోతుంది. అందుకే వదులైనట్టు అనిపించినప్పుడల్లా స్క్రూడ్రైవర్ తీయడం మంచిది కాదు. జాయింట్లు వదులు కావడానికి అసలు కారణం ర్యాక్ పక్కలకు ఊగడం. ఊగడం ఆపితే జాయింట్ల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

ఒరగకుండా ఆపేది ఏమిటో చూడండి. పలకలో పెట్టి తిప్పి బిగించే గుండ్రటి కామ్ లాక్ రెండు పలకల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది, అంతవరకే దాని పని. రంధ్రాల్లో దూర్చే చెక్క పుల్లలు పలకల్ని జారకుండా ఉంచుతాయి. ర్యాక్ మొత్తం పక్కకు వాలకుండా నిలబెట్టేది వెనక కొట్టే పలచటి అట్ట. చూడ్డానికి నాసిగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని లెక్కచేయరు. నాలుగు మేకులు కొట్టి వదిలేస్తారు, కొందరైతే అసలు వేయరు. ర్యాక్ బలం సగం అక్కడే పోతుంది. మేకులు కొట్టే ముందు టేపుతో ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, తర్వాత రెండో జత మూలలు కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటేనే ఫ్రేము మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే ఎక్కువ కొలత వచ్చిన మూలల్ని కొంచెం లోపలికి నెట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు మేకులు కొట్టండి. ర్యాక్‌తో పాటు వచ్చే బిగించే పుస్తకంలో చూపించిన మేకులన్నీ కొట్టండి, ఒక్కటీ మిగల్చొద్దు.

బిగించేటప్పుడు పవర్ డ్రిల్ వాడకండి. చేత్తో తిప్పితే స్క్రూ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, డ్రిల్ దాన్ని దాటించి రంధ్రాన్ని పాడుచేస్తుంది. ఐకియా స్క్రూలు చాలావరకు పోజిడ్రైవ్ రకం. ప్లస్ గుర్తు మధ్యలో సన్నటి అడ్డగీతలు కనిపిస్తే అది పోజిడ్రైవ్ అన్నమాట. ఇక్కడి షాపుల్లో మామూలుగా దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో సరిగ్గా కూర్చోదు, జారి స్క్రూ తల అరుగుతుంది. కామ్ లాక్‌లోకి వెళ్లే పొడుగు బోల్టును ముందు పూర్తిగా దించాలి. అది కొంచెం పైకి ఉన్నా లాక్‌కు అందదు. కామ్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కులో సగం చుట్టు దాటేదాకా, గట్టిపడేవరకు తిప్పితే చాలు.

చెక్క పుల్లలకు వుడ్ గ్లూ రాయాలా? సొంత ఇల్లయితే రాయండి, చాలా గట్టిగా ఉంటుంది. అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఏడాదిలో ఉద్యోగమో ఊరో మారేలా ఉంటే వద్దు. జిగురు పెట్టాక పాడుచేయకుండా విప్పలేం. రాసినా రంధ్రంలోనే రాయండి, నున్నటి పై పొర మీద అది పట్టదు.

ఇక అపార్ట్‌మెంట్ కార్పెట్. దీని గురించి ముందే తెలిస్తే ఎంతో మేలు. గోడ అంచు వెంట కార్పెట్‌ను పట్టి ఉంచడానికి కింద మేకులున్న చెక్క పట్టీ ఉంటుంది. ర్యాక్ వెనక భాగం దాని మీద ఎక్కి, మొత్తం ముందుకు వాలుతుంది. కొన్నాళ్లకు పైన జాయింట్లలో సందు కనిపిస్తుంది, మనమేమో స్క్రూలను అనుమానిస్తాం. రసమట్టం పెట్టి చూసి, ముందు అంచు కింద సన్నటి చెక్క చీలికలు దూర్చండి. హోమ్ డిపోలో వీటిని షిమ్స్ అని అడగండి.

ఆ తర్వాత తప్పకుండా గోడకు కట్టండి. పెట్టెలో ఎల్ ఆకారం బ్రాకెట్టో పట్టీయో ఇస్తారు. గోడ రకాన్ని బట్టి స్క్రూ మారుతుంది కాబట్టి గోడలోకి దిగే స్క్రూ మాత్రం మనమే కొనుక్కోవాలి. ఇక్కడి గోడలు డ్రైవాల్, అంటే జిప్సం పలకలు; లోపల చెక్క నిలువులు (స్టడ్స్) మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్‌తోనో, గట్టి అయస్కాంతంతోనో వెతికి నిలువులోకే స్క్రూ దించండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇందులో రాజీ లేదు. బీరువాలు మీద పడి పిల్లలు చనిపోయిన తర్వాత 2016లో ఐకియా అమెరికాలో దాదాపు 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ల బీరువాలను రీకాల్ చేసింది. అలా ఒరిగి పడకుండా 2023లో అమల్లోకి వచ్చిన భద్రతా నిబంధన బట్టల బీరువాలకే, పుస్తకాల ర్యాకులకు వర్తించదు. కాబట్టి బాధ్యత మనదే. గోడకు కట్టిన ర్యాక్ ఊగదు, జాయింట్లూ సడలవు. లీజులో రంధ్రాల గురించి ఏముందో లీజింగ్ ఆఫీసులో అడగండి. ఖాళీ చేసేటప్పుడు స్పాకిల్ (గోడ రంధ్రాలు పూడ్చే పేస్టు) పూసి రుద్దితే చిన్న రంధ్రం కనబడదు.

బరువు విషయానికొస్తే, 80 సెంటీమీటర్ల బిల్లీ అరకు 30 కిలోలు హద్దు. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా ఒకటైతే ఫరవాలేదు, కానీ అట్టడుగు అరలోనే పెట్టండి. పూజకు వాడితే దీపం కింద ఇత్తడి పళ్లెం ఉండాలి, పై అరకు వేడి తగలకూడదు. అభిషేకం నీళ్లు ఒలికితే వెంటనే తుడవండి. తడిసి ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండినా మళ్లీ మామూలు మందానికి రాదు.

సామాన్లు పెట్టిన నెల తర్వాత జాయింట్లు ఒకసారి చూసి, ఆపై చలికాలం హీటర్ మొదలైనప్పుడు, ఎండాకాలం వచ్చాక చూస్తే సరిపోతుంది. గాలిలో తేమ మారితే బోర్డు కొంచెం కుంచించుకుని వ్యాకోచిస్తుంది. బిగించే ముందు అరలు ఖాళీ చేయండి. బరువుతో వాలిన ఫ్రేములో స్క్రూ తిప్పితే సందు మూసుకోదు, రంధ్రం మాత్రం అరుగుతుంది. స్క్రూ ఊరికే తిరుగుతుంటే టూత్‌పిక్‌లకు వుడ్ గ్లూ రాసి రంధ్రంలో దట్టించి, రాత్రంతా ఆరనిచ్చి, పైకి ఉన్నవి కోసి మళ్లీ దించండి. కామ్ విరిగితే కంగారొద్దు. బిగించే పుస్తకంలో దాని పక్కన ఉన్న నంబరు చెబితే ఐకియా చాలా చిన్న భాగాలను ఉచితంగానే పంపుతుంది.

ఒక గది నుంచి ఇంకో గదికి మార్చాలంటే ఈడ్చకండి. ఖాళీ చేసి ఇద్దరు ఎత్తండి. ఒక్కసారి ఈడిస్తే అన్ని జాయింట్ల మీదా ఒకేసారి ఒత్తిడి పడుతుంది. అదే కాంప్లెక్సులో ఇల్లు మారుతుంటే విప్పకుండానే మోయండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ముందు పక్క పలక మీద చెయ్యి పెట్టి మెల్లగా నెట్టి చూడండి. ఊగితే వెనక అట్ట చూడండి, మేకులు ఊడి ఉంటే అది మనం సరిచేసుకోగలిగిందే. కానీ అడుగున నేలకు ఆనే అంచు ఉబ్బి, పొర లేచి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.