50 వేల లోపు ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు తెరను ఇలా పరీక్షించండి

కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైందంటే చాలు, మా బంధువుల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. “బాబాయ్, 50 వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పు” అని. ఏటా నాలుగైదు కొనిపెడుతుంటాను. అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత. తెర ఎలా ఉంటుందని అడిగినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. ఆ పిల్లలు నాలుగేళ్లపాటు రోజూ గంటల తరబడి చూడాల్సింది తెరనే కదా! ధర తగ్గించాలనుకున్నప్పుడు కోత పడేది కూడా ఎక్కువగా అక్కడే. ర్యామ్ ఎంతో డబ్బా మీద అంకెలో కనిపిస్తుంది. తెర నాణ్యత అలా కనిపించదు.

అందుకే మిగతావన్నీ త్వరగా చెప్పేసి, తెర దగ్గర ఆగుతాను.

ఇంట్లో కూర్చుని చేసుకునే పని

దుకాణానికి వెళ్లేముందే మూడు నాలుగు మోడళ్లు ఎంచుకోండి. అరగంట చాలు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. బడ్జెట్ సరిపోక 8 జీబీది తీసుకుంటే, రెండో స్లాట్ ఖాళీగా ఉందని తెలుసుకున్నాకే తీసుకోండి. పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు. స్టోరేజీ 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే రకం). విండోస్‌లో అది 476 జీబీగా కనిపిస్తుంది. కంపెనీ లెక్క, విండోస్ లెక్క వేరు కావడం వల్ల వచ్చే తేడా అది, కంగారు పడొద్దు. ఈఎంఎంసీ (నెమ్మదిగా పనిచేసే రకం స్టోరేజీ) అని రాసి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ఈ ధరలో విడిగా గ్రాఫిక్స్ కార్డు కోసం వెతకొద్దు. దాని కోసం పెట్టే డబ్బు తెరలోనో ర్యామ్‌లోనో తగ్గిపోతుంది.

ప్రాసెసర్ పేరులో పెద్ద అంకె చూసి సంబరపడొద్దు. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్‌లో చూడాల్సింది మూడో అంకె. 7520యులో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్. 7530యులో అది 3, అంటే జెన్ 3. పేరులో తేడా పదే. కానీ మొదటిదాంట్లో 4 కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు), రెండోదాంట్లో 6. ఇంటెల్‌లో ఐ3-1215యుకి 2 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు ఉంటాయి. ఎన్100లో ఉన్న నాలుగూ చిన్నవే. ఆన్‌లైన్ క్లాసులకు, వర్డ్ ఫైళ్లకు, ఇంట్లో పెద్దవాళ్ల వీడియో కాల్స్‌కు ఎన్100 సరిపోతుంది. ఇంజినీరింగ్ పిల్లలకు వద్దు.

చేతిలో 25 వేలే ఉంటే? నా మాట వింటే కొత్తది కొనకండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన పాత లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు దొరుకుతాయి. వాటి కీబోర్డు, తెరను పట్టి ఉంచే కీళ్లు కొత్తగా వచ్చే చవక మోడళ్లకన్నా గట్టివి. ఒకే షరతు: ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 8వ తరం కన్నా పాతవాటిలో చాలావరకు విండోస్ 11కి అధికారికంగా అర్హత లేదు.

పెన్‌డ్రైవ్‌లో ఇవి వేసుకోండి

తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కో సాదా బొమ్మ. చిన్న అక్షరాలున్న తెలుగు పీడీఎఫ్ ఒకటి. మీ ఇంట్లో పెళ్లి ఫొటో ఒకటి. రాత్రి దృశ్యం ఉన్న రెండు నిమిషాల వీడియో. ఎవరైనా పాఠం చెబుతున్న రికార్డింగ్. అంతే.

తెర

మా అక్క కొడుకు నాకు చెప్పకుండా 42 వేలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాడు. ప్రాసెసర్ బాగుంది, ర్యామ్ 16 జీబీ. హాస్టల్ మంచం మీద పడుకుని చూస్తే నల్లటి చోట్లన్నీ బూడిద రంగు. కూర్చుని చూస్తే పైన ఒక రంగు, కింద ఒక రంగు. ల్యాబ్ రిపోర్టులో గ్రాఫ్ గీస్తే నారింజ గీత ఏదో, ఎర్ర గీత ఏదో తెలిసేది కాదు. తెరను ముందుకూ వెనక్కూ వంచుతూనే ఏడాది గడిపాడు. చెడిపోయిందని తిరిగిచ్చేద్దామంటే అది చెడిపోలేదు. ఆ తెర తీరే అంత. దాన్ని టీఎన్ ప్యానెల్ అంటారు. లోపం కాదు కాబట్టి రీప్లేస్‌మెంట్ కుదరదన్నారు.

కాబట్టి మొదట కాగితం మీద వడకట్టాలి. సిరీస్ పేరు చూస్తే చాలదు. ఒకే పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతారు, వాటిలో తెరలు వేరువేరుగా ఉండొచ్చు. ల్యాప్‌టాప్ అడుగున, డబ్బా మీద ఉండే పూర్తి మోడల్ నంబరును చివరి అక్షరం దాకా రాసుకుని, కంపెనీ సైట్‌లో ఆ నంబరుకే వివరాలు చూడండి. ఐపీఎస్ అని గానీ, డబ్ల్యూవీఏ అని గానీ (ఎటు నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెరలు) ఉంటే ముందుకెళ్లొచ్చు. ఎస్‌వీఏ అని ఉంటే అది టీఎన్ రకమే, పేరు మార్చారంతే. ‘ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్’ అని మాత్రమే రాసి ప్యానెల్ రకం చెప్పకపోతే, టీఎన్ అనే అనుకుని దుకాణంలో పరీక్షించండి.

ఐపీఎస్ అయితే అన్నీ బాగుంటాయనీ కాదు. ‘45% ఎన్‌టీఎస్‌సీ’ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. చదువుకు, ఆఫీసు పనికి ఇబ్బంది లేదు. ఫొటోలు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు అలాంటిదే మరో కొలతలో ‘100% ఎస్ఆర్‌జీబీ’ కావాలి. తెర వెలుగు 250 నిట్స్‌కు (వెలుగును కొలిచే లెక్క) తగ్గకూడదు, 300 ఉంటే మంచిది.

ఇక దుకాణంలో. ముందు అక్కడ తిరుగుతున్న డెమో వీడియో ఆపించండి. పూలు, పక్షులు, సముద్రాలతో మెరిసిపోయే ఆ వీడియోలో ఎంత నాసిరకం తెరైనా బాగుంటుంది. తర్వాత ఛార్జర్ తీసేయండి. తీయగానే కొన్నింటిలో వెలుగు తగ్గిపోతుంది. ఇంట్లో, క్లాసులో మీరు వాడబోయేది అలాగే కాబట్టి చూడాల్సింది కూడా అలాగే.

ఇప్పుడు రాత్రి దృశ్యం ఉన్న వీడియో పెట్టి, నల్లటి భాగం ఎక్కువ ఉన్నచోట ఆపండి. దాదాపు అందరూ తప్పు చేసేది ఇక్కడే. కుడికి ఒకడుగు, ఎడమకు ఒకడుగు వేసి చూసి, “బాగానే ఉంది” అంటారు. పక్కల నుంచి చూస్తే టీఎన్ తెర కూడా చాలావరకు బాగానే కనిపిస్తుంది. అది దొరికిపోయేది పైనుంచి, కింది నుంచి చూసినప్పుడు. కౌంటర్ ముందు కదలకుండా నిలబడండి. తెరను ముందుకు, మీ వైపు మెల్లగా వంచండి. మళ్లీ వెనక్కి, బాగా వాలేదాకా తీసుకెళ్లండి. ఐపీఎస్ అయితే కాస్త మసకబారుతుంది, రంగులు నిలుస్తాయి. టీఎన్ అయితే ఒకవైపు నలుపంతా తెల్లబారిపోతుంది, ఇంకోవైపు మనుషుల ముఖాలు ఫొటో నెగెటివ్‌లా తిరగబడతాయి. ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు. సేల్స్‌మన్ ఆ పని తాను చేసి చూపిస్తానంటే వద్దనండి, మీ చేత్తో మీరే వంచండి.

తర్వాత పెళ్లి ఫొటో తెరవండి. కంపెనీ ఇచ్చిన బొమ్మలో పువ్వు అసలు రంగేమిటో మీకు తెలియదు. పెళ్లిలో మీ అమ్మగారు కట్టుకున్న పట్టుచీర రంగు మీకు తెలుసు. మెరూన్ రంగు చీర ఇటుకరంగులో కనిపిస్తోందా, పసుపు పెట్టిన ముఖం పాలిపోయినట్టుందా చూడండి.

ఆ తర్వాత తెలుగు పీడీఎఫ్. ఇంగ్లిష్ అక్షరాలు ఏ తెర మీదైనా చదవొచ్చు. మన లిపికి తెర బాగుండాలి. ‘ధ’లో చుక్క పెడితే ‘థ’ అవుతుంది. రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వస్తుంది. 100 శాతం సైజులో ఆ చుక్క, ఆ ఒత్తులు విడివిడిగా కనిపించాలి. పాత, చవక మోడళ్లలో 1366x768 తెరలు ఇంకా వస్తున్నాయి. 15.6 అంగుళాల మీద ఆ తెరకు అంగుళానికి 100 చుక్కలే ఉంటాయి, ఫుల్ హెచ్‌డీకి 141. గ్రూప్స్‌కు చదివేవాళ్లు, డీఎస్సీకి తెలుగు మీడియం పుస్తకాలు తెర మీద చదివేవాళ్లు ఈ పీడీఎఫ్ పరీక్షను అసలు వదలొద్దు.

చివరగా, అనుమతి అడిగి దుకాణం గుమ్మం దాకా తీసుకెళ్లండి. పగటి వెలుతురులో తెల్లటి పేజీ చదవగలిగితే చాలు. గుమ్మం దగ్గరే మీ ముఖం అద్దంలో కనిపించినట్టు కనిపిస్తే, కిటికీ పక్కన కూర్చుని పనిచేయడం కష్టం.

“ఇంత తతంగం ఎందుకు, యూట్యూబ్‌లో రివ్యూ చూస్తే పోలా” అంటారు. చూడండి, కీబోర్డు గురించో వేడి గురించో తెలుస్తుంది. కానీ వాళ్ల కెమెరా తీసిన తెరను మీరు మీ ఫోన్ తెర మీద చూస్తున్నారు, రంగులు మీకెలా తెలుస్తాయి? పైగా రివ్యూకి వచ్చిన రకం, మీ ఊళ్లో అమ్మే రకం ఒకటే కావాలనేమీ లేదు.

ఒక జాగ్రత్త. డెమో పీస్ చూసి మురిసిపోయి, సీల్ వేసిన డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేయొద్దు. రెండింటి పూర్తి మోడల్ నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చండి. డబ్బా అక్కడే తెరిపించి, రాత్రి వీడియో పరీక్ష దానిమీద మళ్లీ చేయండి. తర్వాత ఐదు రంగుల బొమ్మలు ఒక్కొక్కటీ తెరనిండా పెట్టి, రంగు మారని చుక్క ఎక్కడైనా ఉందేమో వెతకండి. డబ్బు కట్టేది ఆ తర్వాతే.

మిగతావి

కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కితే లోపలికి కుంగకూడదు. తెరను ఒక మూల పట్టుకుని ఎత్తితే కీలు దగ్గర శబ్దం రాకూడదు. స్పీకర్‌లో పాట పెట్టకండి, పాఠం పెట్టండి. పాట ఎందులోనైనా బాగానే వినిపిస్తుంది, మాట స్పష్టంగా వినిపించాలి. టైప్-సీ పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుందా అని అడగండి. కెమెరా ఈ ధరలో చాలావాటికి 720పీనే, దాని గురించి టెన్షన్ వద్దు.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని అడగొద్దు, ఎన్ని వాట్-అవర్లో (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) చూడండి. 42 ఉందనుకుందాం. మామూలు వాడకంలో ల్యాప్‌టాప్ 8 వాట్లు తింటే 5 గంటలు వస్తుంది. కంపెనీ చెప్పే 10 గంటలు వెలుగు బాగా తగ్గించి, తేలికైన పని చేయించి తీసిన లెక్క.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవే పరీక్షలు ఇంట్లో, వచ్చిన రోజే చేయండి. డబ్బా విప్పేటప్పుడు మొదటినుంచీ ఆపకుండా వీడియో తీయండి. ఆ రాత్రి లైట్లన్నీ ఆపి నల్ల బొమ్మ తెరనిండా పెట్టి అంచులు చూడండి. మూలల్లో కొద్దిగా వెలుగు కారడం సహజం. ఒకచోట టార్చి వేసినట్టుంటే మర్నాడే రీప్లేస్‌మెంట్ పెట్టండి, గడువు చివరి రోజు దాకా ఆగొద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు ఉందో లేదో చూసి, అదే నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో సరిచూసుకోండి. నెలల కిందటి తేదీ కనిపిస్తే బిల్లు పంపి సరిచేయించుకోండి.