సీసీ కెమెరా వీడియో వచ్చి పోతుంటే కేబుల్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ముందు ఎన్‌వీఆర్ (వీడియో రికార్డు చేసే పెట్టె) లాగ్ తెరిచి వీడియో ఏయే వేళల్లో పోయిందో రాసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది. తర్వాత కెమెరాను కిందికి దించి, 2 మీటర్ల మంచి ప్యాచ్ కార్డ్‌తో (రెండు చివర్లా జాక్‌లు ఉన్న రెడీమేడ్ ల్యాన్ కేబుల్) అదే పోర్టుకు పెట్టి ఒక రాత్రంతా నడపండి. ఆగకుండా నడిచిందంటే అనుమానమంతా గోడ మీది కేబుల్ మీదే.

చీకటి పడగానే పోతోంది
చీకట్లో చూడ్డానికి కెమెరాలో ఉండే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలగగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. స్ప్లిటర్‌తో (ల్యాన్ కేబుల్‌లో ఖాళీ తీగలకు కరెంటు కలిపే ముక్క) 12 వోల్టులు అదే కేబుల్‌లో పంపినచోట ఇది తరచూ చూసేదే. ప్లస్‌కు రెండు, మైనస్‌కు రెండు తీగలు కలిపి వాడినా, 50 మీటర్ల రాగి కేబుల్‌లో అర ఆంపియర్‌కు సుమారు 2 వోల్టులు పోతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ అయితే 3 దాటుతాయి. బ్లేడుతో గీకితే తీగ లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. అలాంటి కేబుల్ ఎంత చవకైనా వద్దు. లైట్లు వెలుగుతున్నప్పుడు కెమెరా దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి. 10.8 వోల్టుల కంటే తక్కువుంటే అడాప్టర్‌ను కెమెరా దగ్గరికి మార్చండి, లేదా 48 వోల్టుల పీఓఈకి (ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) వెళ్లండి.

వాన పడ్డాక పోతోంది
కెమెరా తోక (కెమెరాకే ఉండే పొట్టి వైరు), ల్యాన్ జాక్ కలిసేచోట విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. నీటి చుక్కకు కరెంటు తోడైతే రాగిని త్వరగా తినేస్తుంది. తుడిచి మళ్లీ పెడితే కొన్నాళ్లకు అదే కథ. జాక్ కోసేసి కొత్తది క్రింప్ చేయండి (పనిముట్టుతో నొక్కి బిగించండి). జాయింటును జంక్షన్ బాక్స్‌లో పెట్టండి. కేబుల్ కిందికి వంగి, బాక్స్ అడుగు నుంచి లోపలికి ఎక్కాలి. తోకలోని సాకెట్టే చెడిపోయి ఉంటే జాక్ మార్చినా లాభం లేదు.

గాలికి, చెయ్యి తగిలినా పోతోంది
కంప్యూటర్ నుంచి కెమెరా ఐపీకి (నెట్‌వర్క్ చిరునామాకు) ఆగకుండా పింగ్ పెట్టి (జవాబు వస్తోందో లేదో చూసే కమాండ్), ఒక్కో జాక్‌ను మెల్లగా కదపండి. ఎక్కడ జవాబు ఆగితే తప్పు అక్కడే.

కేబుల్ టెస్టర్‌లో 8 లైట్లూ వెలిగినా పోతోంది
రెండు చివర్లా రంగులు ఒకేలా ఉన్నాయి కానీ జతలు తప్పాయి. జాక్‌లోని 3, 6 పిన్నులకు ఒకే మెలిక జత (కలిపి మెలేసిన రెండు తీగలు) వెళ్లాలి. వరస ఇది: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. కేబుల్ పైతొడుగు జాక్ లోపలికి వెళ్లి బిగుసుకోవాలి.