మేడ గది గోడలకు మైనం పొడి: కొనేముందు తెల్లవారుజామున థర్మామీటర్ చూడండి

తిరుపతి కొర్లగుంటలో మా మేడ మీద గది అమ్మది. మే నెలలో రాత్రి పదకొండుకు కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. అందుకే మైనం పొడి కలిపిన జిప్సం పూత వేయించాను. మొదటిసారి పనికిరాని రకం కొన్నాను. మీకు ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

పొడి అచ్చం ముగ్గుపిండిలా ఉంటుంది. ఒక్కో రేణువులో పారఫిన్ మైనపు బొట్టు, చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పెంకు. మైనం కరిగినా బయటికి కారదు. డబ్బాలో పేరుకున్న నెయ్యిని గుర్తుచేసుకోండి. కరగడానికి వేడి పీలుస్తుంది, కరిగేంతసేపూ పెద్దగా వేడెక్కదు. పగలు గోడలో జరిగేది అదే. కానీ రాత్రి మళ్లీ పేరుకుంటేనే మర్నాడు పనిచేస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది.

నాకు అమ్మినాయన 26 డిగ్రీలకు కరిగే రకం ఇచ్చాడు. ఫిబ్రవరిలో బాగానే ఉంది. మేలో మిద్దె స్లాబు రాత్రంతా వేడి కక్కుతుంటే, తెల్లవారుజాము ఐదుకు కూడా గది 29కి దిగలేదు. మైనం వారాల తరబడి కరిగే ఉండిపోయింది. పూతంతా గీకించాల్సి వచ్చింది.

కాబట్టి ముందు ఎండాకాలంలో పది రోజులు, తెల్లవారుజామున గది ఉష్ణోగ్రత రాసుకోండి. దానికి రెండు మూడు డిగ్రీలు పైన కరిగే రకం అడగండి. మైనాల్లో ఆక్టాడెకేన్ సుమారు 28 దగ్గర, నొనాడెకేన్ 32 దగ్గర, ఐకోసేన్ 36-37 దగ్గర కరుగుతాయి. మాకు కుదిరింది 32.

శాంపిల్‌ను ఇంట్లోనే పరీక్షించొచ్చు. స్టీలు గ్లాసులో పొడిని నీళ్లతో జావలా కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి, థర్మామీటర్ ముంచి మెల్లగా తిప్పండి. గబగబా పెరుగుతున్న అంకె 32 దగ్గరికొచ్చి కాసేపు తటపటాయించాలి. ఎక్కడా ఆగకుండా పోతే ఆ సరుకు వద్దు.

ఇక లెక్క. పదడుగుల గదిలో గోడలు దాదాపు 30 చదరపు మీటర్లు. 15 మిల్లీమీటర్ల పూతలో ఐదో వంతు పొడి అంటే సుమారు 90 కిలోలు. కిలోకు 110 కిలోజౌళ్లు పట్టే రకమైతే మొత్తం రెండు ముప్పావు యూనిట్ల వేడి. ఒక టన్ను ఏసీ ముప్పావు గంటలో లాగేసేది అంతే! అందుకే ముందు మిద్దెకు తెల్లపూత, పడమటి కిటికీకి నీడ. అవి లేకుండా ఇంత ఖర్చు పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

మేస్త్రి పక్కనే నిలబడండి. జిప్సం, నీళ్లు బాగా కలిశాకే పొడి వేసి, తక్కువ స్పీడులో తిప్పించండి. ఇసుకతో రుద్దితే పెంకులు పగులుతాయి. వేలికి జిడ్డు తగిలిందంటే పగిలినట్టే. పొడి ఎక్కువైతే పూత బలం తగ్గుతుంది. మైనం మండుతుంది కాబట్టి పొయ్యి దగ్గరి గోడకు అసలొద్దు.

పూత ఆరాక రోజువారీ పని ఒకటుంది. బయటి గాలి గదికంటే చల్లబడ్డాక కిటికీలు తెరిచి, ఫ్యాను గోడ వైపు తిప్పాలి. ఎండెక్కకముందే మూసేయాలి. గోడకు గాలి తగలాలి కాబట్టి బీరువా ఆనించొద్దు. అమ్మ తన బీరువాను కింది గదిలోకి దింపించేసింది.