క్రోషే నేర్చుకుందాం – మూడో పాఠం: స్లిప్పరు ముందు భాగం, అడుగు భాగం

గత పాఠంలో గొలుసు కుట్టు, సింగిల్ కుట్టు నేర్చుకుని, 20 కుట్ల వెడల్పున 20 వరుసల ముక్కను ఒకదాన్ని అల్లి ఉంచుకోవాలని చెప్పుకున్నాం. ఆ ముక్కను ఇప్పుడు బల్లమీద సాగదీయకుండా పరిచి, అంచులను వదిలేసి, మధ్యలో 10 సెంటీమీటర్ల మేర ఎన్ని కుట్లు ఉన్నాయో, ఎన్ని వరుసలు ఉన్నాయో స్కేలు పెట్టి లెక్కించండి. మధ్యరకం మందం గల యాక్రిలిక్ ఊలుతో, 5 మిల్లీమీటర్ల సూదితో అల్లినప్పుడు 14 కుట్లు, 16 వరుసలు రావాలని ఈ పాఠంలోని లెక్కలన్నీ అనుకుంటాయి. మీకు 16 కుట్లు వస్తే చెయ్యి బిగువుగా ఉన్నట్లు, కాబట్టి 5.5 సూదికి మారండి. 12 మాత్రమే వస్తే 4.5 సూది తీసుకోండి. చేతి బిగువును బలవంతంగా మార్చుకునే ప్రయత్నం కంటే సూదిని మార్చడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే నాలుగు వరుసలు గడిచేసరికి చెయ్యి తన పాత అలవాటుకే వెళ్లిపోతుంది. నర్సాపురం వైపు ఇళ్లలో సన్నని నూలుదారంతో లేసు అల్లడం చూసి నేర్చుకున్నవారికి ఈ చిక్కు మరీ ఎక్కువ; లేసుకు అందాన్నిచ్చే ఆ బిగువే ఊలు స్లిప్పరును అట్టముక్కలా గట్టిపరుస్తుంది.

ఇక పాదం కొలత. వేళ్లు మొదలయ్యే చోట, పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండే భాగం చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి; మడమ చివరి నుంచి బొటనవేలి చివరి దాకా పొడవు తీసుకోండి. ఉదాహరణకు చుట్టుకొలత 23, పొడవు 23.5 సెంటీమీటర్లు ఉన్న పాదాన్ని తీసుకుందాం. కొత్తగా అల్లేవారు సరిగ్గా ఈ కొలతకే అల్లుతారు, రెండు రోజులు తొడిగేసరికి స్లిప్పరు వదులై మడమ దగ్గర జారిపోతుంది. ఊలు అల్లిక వాడేకొద్దీ సాగుతుంది కాబట్టి చుట్టుకొలతలో పదోవంతు, పొడవులో ఒకటిన్నర సెంటీమీటరు తగ్గించే అల్లాలి. 23లో పదోవంతు తగ్గిస్తే సుమారు 20.7, సెంటీమీటరుకు 1.4 కుట్ల చొప్పున అది 29 కుట్లు అవుతుంది. మనం ప్రతి పెంపులో ఆరేసి కుట్లు చేరుస్తాం కనుక దగ్గరలో ఉన్న ఆరు గుణిజం 30ని ఖాయం చేసుకుందాం. 20 సెంటీమీటర్ల చుట్టుకొలత గల పిల్లల పాదానికి ఇదే లెక్కన 24 కుట్లు చాలు. రెండు గుణిజాలకూ మధ్యలో పడే పాదమైతే, చివరి పెంపు చుట్టులో ఆరుకు బదులు రెండో మూడో కుట్లు మాత్రమే పెంచితే సరిపోతుంది.

లేతరంగు ఊలు ఎంచుకోండి. నలుపు, ముదురు నీలం రంగుల్లో కుట్లు కంటికి ఆనవు. 100 గ్రాముల ఉండ ఒక జతకు సరిపోయి కొంత మిగులుతుంది కూడా.

అల్లిక వేళ్ల కొస నుంచి మొదలవుతుంది. రెండు గొలుసు కుట్లు వేసి, సూది నుంచి లెక్కించగా రెండో గొలుసులోనే ఆరు సింగిల్ కుట్లు వేయండి. ఇది మొదటి చుట్టు. చుట్టును కలిపి ముగించకుండా, అలాగే మొదటి కుట్టులోకి వెళ్లి ప్రతి కుట్టులో రెండేసి చొప్పున వేస్తే 12 అవుతాయి. ఇలా మెలికగా సాగే అల్లికలో చుట్టు ఎక్కడ మొదలైందో కంటికి కనిపించదు కాబట్టి, ప్రతి చుట్టులోని మొదటి కుట్టుకు ఒక పిన్నీసు తగిలించి, మళ్లీ అక్కడికి చేరినప్పుడు దాన్ని తీసి కొత్త కుట్టుకు మార్చుకోవాలి. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, తర్వాతి కుట్టులో రెండు, ఇదే క్రమం ఆరుసార్లు, మొత్తం 18.

నాలుగో చుట్టులో ఏమీ పెంచకుండా 18 కుట్లే వేయండి. ప్రతి చుట్టులోనూ ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే అల్లిక చదునైన బిళ్లగా విస్తరిస్తుంది. మధ్యలో పెంపు లేని చుట్టు వచ్చినప్పుడే అంచు లోపలికి వంగి, వేళ్లు పట్టే లోతు ఏర్పడుతుంది. ఐదో చుట్టులో రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడో దాంట్లో రెండు చొప్పున 24కు పెంచి, ఆరో చుట్టు 24తోనే ముగించి, ఏడో చుట్టులో మూడు కుట్లలో ఒక్కొక్కటి, నాలుగో దాంట్లో రెండు చొప్పున 30కి చేరుకోండి. నిలువుగా వి ఆకారంలో కుట్లు కనిపించే వైపు బయటికి ఉండాలి. అడ్డగీతలు బయటికి కనిపిస్తుంటే అల్లికను తిరగేసి కొనసాగించండి.

ఇక్కడి నుంచి పెంపు లేదు. 30 కుట్లతోనే మరో 12 చుట్లు వేస్తే మొత్తం 19 చుట్లకు సుమారు 12 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఇప్పుడు సూదిలోని ఉచ్చును కాస్త పొడవుగా లాగి వదిలేసి, ముక్కను పాదానికి తొడిగి చూడండి. వేళ్లను మృదువుగా పట్టి ఉంచాలి, కానీ కుట్ల మధ్య చర్మం కనిపించేంతగా సాగకూడదు. అంచు పాదం పొడవులో సగం దగ్గరికి రావాలి. ఈ దశలో విప్పడానికి బద్ధకించవద్దు, మడమ దాకా అల్లాక విప్పడం ఇంతకన్నా కష్టం.

తొడుగు సరిపోయిందనుకుంటే, చుట్టుగా అల్లడం ఆపి, అటూ ఇటూ వరుసలుగా అల్లడం మొదలుపెట్టాలి. అల్లికను తిప్పి, ఒక గొలుసు కుట్టు వేసి, 22 సింగిల్ కుట్లు వేసి ఆపండి. మిగిలిన ఎనిమిది కుట్లను ముట్టుకోకూడదు. పాదం పైభాగాన కాలు దూర్చే చోటికి అవే ముందు అంచు అవుతాయి. మళ్లీ తిప్పి, మళ్లీ ఒక గొలుసు, మళ్లీ 22. తిప్పేటప్పుడు వేసే గొలుసు కుట్టును లెక్కలోకి తీసుకోవద్దు. వరుస మొదటి కుట్టునో చివరి కుట్టునో వదిలేయడం వల్ల 22 కాస్తా 21, 20 అయిపోయి స్లిప్పరు మడమవైపు సన్నబడుతుంది కనుక, కనీసం మొదటి ఆరు వరుసల్లో ప్రతి వరుస చివరా లెక్కపెట్టుకోవాలి. ఇలా 16 వరుసలు వేస్తే మొత్తం పొడవు సుమారు 22 సెంటీమీటర్లు అవుతుంది, అంటే పాదం కన్నా మనం అనుకున్న ఒకటిన్నర తక్కువ.

ఊలును ఇప్పుడే తెంచవద్దు. మడమ కుట్టడానికి అదే ఊలు కావాలి. ఉచ్చు జారకుండా పిన్నీసు పెట్టి ఈ ముక్కను పక్కన ఉంచి, ఉండ రెండో కొసతో రెండో స్లిప్పరును కూడా ఇదే దశ వరకు అల్లండి. ఒకటి పూర్తిచేసి వారం తర్వాత రెండోది పట్టుకుంటే చేతి బిగువు మారి జత కుదరదు. రెండు ముక్కల్లోనూ చుట్లు, వరుసలు సమానంగా ఉన్నాయని లెక్కపెట్టుకున్నాకే వచ్చే పాఠంలోని మడమ కుట్టుకు, పై అంచుకు, గ్రానైట్ నేలమీద జారకుండా అడుగున వేసే తోలు ముక్కలకు రండి.