పువ్వు వాడాక కెమెరా తీయండి

గ్లాసులో పెట్టి మర్చిపోయిన ఒక గులాబీ నాకీ పిచ్చి అంటించింది. ఎనిమిదో రోజు పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను. నీళ్లు మురిగి వాసన కొడుతున్నాయి. కిటికీ పక్కనుంచి వెళ్తుంటే వెలుతురు ఏటవాలుగా పడి, రేకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకుని కనిపించాయి. ఎరుపు పోయి ఊదారంగు తిరిగింది. అదే పువ్వు తాజాగా ఉన్నప్పుడు ముప్ఫై ఫొటోలు తీశాను, ఒక్కటీ ఉంచుకోలేదు. వాడాక తీసింది మాత్రం ఇంకా గోడ మీదే ఉంది.

ఆ ఊదారంగుకి కారణముంది. ఎర్ర గులాబీ రేకు ముదిరేకొద్దీ దాని రసంలో ఆమ్లగుణం తగ్గుతుంది, ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం నీలం వైపు జరుగుతుంది. ఆకు సంగతి వేరు. పత్రహరితం విరిగిపోయాక, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. కణాల్లో నీరు తగ్గేకొద్దీ ముడతలు పడతాయి. అంటే రోజుకో రంగు, పూటకో ఆకారం. అందుకే ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. ఒకే పువ్వుని, ఒకే చోట, రోజూ ఒకే వేళకి తీయండి. మూడో రోజు విసుగొస్తుంది. ఐదో రోజు నుంచి అసలు కథ మొదలవుతుంది.

ఈలోగా ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి. నా తొమ్మిది రోజుల పొద్దుతిరుగుడు పువ్వుని అమ్మ "ఇదేం చెత్తరా, టేబుల్ నిండా పొడి రాలుతోంది" అంటూ ఊడ్చేసింది. తప్పు ఆవిడది కాదు. ఇప్పుడు ప్రతి గ్లాసుకీ "పారేయొద్దు" అని చీటీ అంటిస్తున్నాను.

అన్నీ అందంగా వాడవు. మందారం ఒక్క రోజుకే చుట్టలా ముడుచుకుంటుంది. ఆ చుట్ట బాగానే ఉంటుంది గానీ ఆలస్యం చేస్తే మెత్తబడిపోతుంది. గులాబీ, తులిప్ నిదానంగా, దర్జాగా వాడతాయి. గింజలు రాలిన తామర కాయ, పురుగు తిన్న ఆకు, విరిగిన గవ్వ, ఈక ఎన్నాళ్లయినా ఓపిగ్గా కూర్చుంటాయి కాబట్టి మొదట వీటితో చేయి తిరగనివ్వండి. పూలను తలకిందులుగా వేలాడదీసి ఎండబెట్టమని చాలామంది చెప్తారు. అలా చేస్తే కాడ నిటారుగా ఎండుతుంది, నాకది నచ్చదు. గ్లాసులోనే వదిలేస్తే మెడ వంగుతుంది. నా ఫొటోల్లో సగం ఆ వంపు కోసం తీసినవే.

వెలుతురు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. నేరుగా ఎండ పడని ఒక్క కిటికీ చాలు. గదిలో లైటు ఆపేయండి, లేకపోతే రెండు రంగుల వెలుగు కలిసి గోధుమరంగు రేకులు జబ్బు చేసినట్టు కనిపిస్తాయి. ఫ్యాన్ కూడా ఆపండి. కెమెరాని స్టాండ్ మీద కదలకుండా పెట్టి, పువ్వునే కొంచెం కొంచెం తిప్పుతూ చూడండి. వెలుగు ఎదురుగా పడితే ముడతలన్నీ చదునైపోతాయి. పక్కనుంచి రేకుని రాసుకుంటూ పోయినట్టు పడితే ప్రతి గీతా, దాని నీడతో సహా లేస్తుంది. రెండో వైపు మరీ చీకటైతే జానెడు దూరంలో తెల్లకాగితం నిలబెట్టండి. నేనైతే చాలాసార్లు ఆ కాగితం తీసేస్తాను, చీకటిని అలాగే ఉండనిస్తాను. పల్చటి ఆకైతే వెనక నుంచి వెలుగు రానివ్వండి, ఈనెలు వాటంతటవే కనిపిస్తాయి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన 'పెప్పర్ నం. 30' ఫొటో వెతికి చూడండి. ఒక వంకర క్యాప్సికమ్‌ని లోహపు గరాటులో పెట్టి తీశాడు. గరాటు గోడలు వెలుగుని అన్ని వైపుల నుంచీ కాయ మీదికి తిప్పాయి. నేనూ ఓ గరాటు తెచ్చి ఎండిన కాయని కూర్చోబెట్టాను. నాది కొత్తది, తళతళలాడేది. కాయ కంటే అదే బాగా పడింది.

వెనక నల్లటి వెల్వెట్ గుడ్డ వేయండి. నల్ల చార్టు కాగితం మెరుస్తుంది, ఫొటోలో బూడిదరంగుగా వస్తుంది. గుడ్డకీ పువ్వుకీ మధ్య బారెడు దూరం ఉంటే నయం. చుట్టూ నలుపు ఎక్కువగా ఉంటే కెమెరా మోసపోయి ఫొటోని తెల్లబరుస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో వెలుగు మోతాదు, మైనస్ 1 దగ్గర మొదలుపెట్టండి. ఫోన్‌లోనైతే పువ్వు మీద వేలు కాసేపు నొక్కి ఉంచి ఫోకస్ లాక్ చేసి, వెలుగుని కిందికి జరపండి. కాడ నిలబడటానికి పిల్లలు ఆడుకునే క్లే ముద్ద చాలు.

మాక్రో లెన్స్, అంటే అతి దగ్గర నుంచి తీసే లెన్స్, ఉన్నవాళ్లకి ఒక మాట. పువ్వుని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, లెన్స్ కన్నాన్ని ఎఫ్/11 దాకా చిన్నది చేసినా ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు పైచిలుకే. అందుకని ఏ ముడత పదునుగా ఉండాలో ముందే తేల్చుకోండి, మిగతాది మసకబారనివ్వండి. అంతా పదునుగా కావాలంటే ఫోకస్‌ని కాస్త కాస్త జరుపుతూ పది పదిహేను ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. ఎండిన రేకు మన ఊపిరికే కదులుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టి పక్కకి జరగండి. పదకొండో ఫ్రేము దగ్గర తుమ్మి రేకు రాల్చుకున్న అనుభవంతో చెప్తున్నాను.

శుభ్రం చేసేటప్పుడు నా లెక్క ఒకటే: పువ్వుది కానిది తీసేయాలి, పువ్వుదైతే ఉంచాలి. గుడ్డ నూగు, ఇంటి దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయొచ్చు. మచ్చ, చిల్లు, పురుగు కొరికిన గాటు జోలికి వెళ్లొద్దు. ఎడిటింగ్‌లో గీతల్ని పదును చేసే క్లారిటీ స్లైడర్ మరీ లాగితే రేకు తోలులా తయారవుతుంది. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచాలని చేయి లాగుతుంది, పెంచితే వాడిన పువ్వు ప్లాస్టిక్ పువ్వవుతుంది. ఒకసారి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. రంగు తీసేశాక ఆకారం నిలబడకపోతే, నేను ఆ ఫ్రేము వదిలేసి మళ్లీ కిటికీ దగ్గరికే వెళ్తాను.

ఇక రేకులు రాలే రోజు. నా గులాబీలకి అది సాధారణంగా పది, పన్నెండు రోజుల మధ్య వస్తుంది. రాలిన వాటిని సర్దొద్దు, ఒక్కటి కూడా జరపొద్దు. స్టూలెక్కి పైనుంచి చూడండి. గ్లాసు చుట్టూ అవి పడిన తీరు నేను కావాలని పేర్చినా రాదు, చాలాసార్లు ప్రయత్నించాను. అక్కణ్ణుంచే ఒక ఫ్రేము తీసి, ఆ తర్వాత మొండి కాడ వైపు తిరగండి.