షాంపూ మాడుకి, కండిషనర్ కొసలకి: జుట్టు సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"నాది డ్రై హెయిర్, ఏ షాంపూ వాడాలి?" అని అడిగేవాళ్లలో చాలామందికి మాడు జిడ్డుగానే ఉంటుంది. పొడిబారేది కొసలు మాత్రమే. సీసా మీద 'డ్రై' అని చూసి కొంటే నెత్తి మర్నాటికే జిడ్డెక్కుతుంది. 'ఆయిలీ' అని చూసి కొంటే కొసలు పీచులా తయారవుతాయి. అందుకే షాంపూని మాడు చూసి ఎంచుకోవాలి, కండిషనర్‌ని కొసలు చూసి ఎంచుకోవాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కానక్కర్లేదు. జతగా అమ్ముతున్నారని జతగా కొనాల్సిన పనీ లేదు.

మీ మాడు ఎలాంటిదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. తలస్నానం చేశాక నూనె, సీరమ్ ఏవీ రాయకండి. మర్నాడు సాయంత్రం ఒక టిష్యూ కాగితాన్ని నడినెత్తిన, చెవుల వెనక అద్ది చూడండి. నూనె మరక పడితే జిడ్డు మాడు. మూడో రోజుకీ మరక పడకపోతే పొడి మాడు. ఇక కొసల సంగతి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా జడ ఉన్నవాళ్ల కొసల వయసు నాలుగైదేళ్లు. అన్నేళ్ల ఎండ, దువ్వెన, రంగు, డ్రయ్యర్ వేడి తిన్న వెంట్రుకా, నిన్న మొన్న కుదురు నుంచి వచ్చిన వెంట్రుకా ఒకే రకం సీసాతో బాగుండవు.

ఊరు మారాక జుట్టు పీచులా అయింది, విపరీతంగా చిక్కు పడుతోంది

చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వచ్చి హాస్టల్లో దిగిన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి చెప్పే మొదటి ఫిర్యాదుల్లో ఇదొకటి. వెంటనే షాంపూ మారుస్తారు, మళ్లీ మారుస్తారు. ఫలితం ఉండదు, ఎందుకంటే తేడా వచ్చింది నీళ్లలో. నగరానికి సరఫరా అయ్యే మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు నది నీళ్లు. వాటితో పోలిస్తే బోరు నీళ్లలో, బోర్ల నుంచి నింపుకొచ్చే ట్యాంకర్ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ ఖనిజాల మోతాదు, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. శివారు కాలనీల్లో 200 దాటిన బోర్లు మామూలే.

ఇంట్లో గుర్తులు తేలిగ్గానే దొరుకుతాయి. కుళాయి మూతి మీద, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. హీటర్ రాడ్డు మీద సున్నంలాంటి పెచ్చు పేరుకుంటుంది. ఇంకా అనుమానం ఉంటే ఒక సీసాలో ఆ నీళ్లు సగం పోసి, ఒంటి సబ్బు కొంచెం గీరి వేసి గట్టిగా ఊపండి. నురగ రాకుండా పైన తెట్టు కడితే అవి కఠిన జలాలే.

వెంట్రుక పైపొరకి రుణావేశం ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ధనావేశం ఉన్నవి కాబట్టి వెళ్లి అంటుకుంటాయి. రంగు వేయించుకున్న, స్మూతనింగ్ చేయించుకున్న జుట్టు మీద ఇంకా ఎక్కువగా అంటుకుంటాయి. ఆ పొర వల్లే జుట్టు గరుకెక్కి, ఒకదానికొకటి పట్టుకుని, దువ్వినప్పుడు తెగుతుంది.

అన్నిటికంటే ముందు తలకి ఒంటి సబ్బు రాయడం మానేయండి. ఈ నీళ్లలో సబ్బు తెట్టుగా మారి జుట్టుకే అతుక్కుంటుంది. షాంపూ కొనేటప్పుడు వెనక చీటీ మీద డైసోడియం ఈడీటీఏ లేదా టెట్రాసోడియం ఈడీటీఏ ఉందేమో చూడండి. అది ఆ ఖనిజాలను పట్టుకుని నీళ్లతో పాటు తీసుకుపోతుంది. పదిహేను రోజులకోసారి, పేరుకున్న పొరని వదిలించే రకం, అంటే క్లారిఫయింగ్ లేదా చీలేటింగ్ అని రాసి ఉన్న షాంపూ వాడండి. అది వాడిన రోజు కండిషనర్ తప్పకూడదు.

ఖర్చు లేని పద్ధతి ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. స్నానమంతా బోరు నీళ్లతోనే చేసి, ఆఖరి ఒకటి రెండు మగ్గులు మాత్రం మంచి నీళ్లు పోసుకోండి. మున్సిపల్ నీళ్లు, వాన నీళ్లు, ఆర్వో నీళ్లు ఏవైనా సరే. అవేవీ లేకపోతే బోరు నీళ్లే మరగబెట్టి, చల్లారి అడుగున తెల్లటి మడ్డి పేరుకున్నాక పైన తేరిన నీళ్లు వాడండి. కాఠిన్యం మొత్తం పోదు, మరిగితే విరిగే భాగం మాత్రం పోతుంది. ఆర్వో మెషిన్ వేస్ట్ పైపు నీళ్లు పట్టి తలకి పోసుకోవడం మాత్రం వద్దు. మెషిన్ వడకట్టి వదిలేసిన ఖనిజాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. వాటితో ఇల్లు తుడుచుకోండి.

మగ్గు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి జుట్టు మీద పోసి, ఒక నిమిషం ఆగి కడిగేసినా ఆ పొర కొంత కరుగుతుంది. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే వద్దు. ఇక షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్లు. వాటిలో చాలావరకు క్లోరిన్‌ని తగ్గించేవే, కాఠిన్యాన్ని తీసేవి కావు. కాఠిన్యం తీయాలంటే రెజిన్ (ఆ ఖనిజాలను పట్టుకునే గింజలు) ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి, దానికి అప్పుడప్పుడూ ఉప్పు పోస్తూ ఉండాలి. అపార్ట్‌మెంట్ మొత్తానికి కలిసి పెట్టించుకుంటే మేలు. అద్దె గదిలో ఉండేవాళ్లు ఫిల్టర్ మీద డబ్బు పెట్టొద్దని చెప్తాను.

కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది

ముందు దువ్వెనలో వచ్చిన వెంట్రుకలని తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగింది. తెగితే నీళ్లు, షాంపూ, దువ్వే పద్ధతి సరిచేసుకుంటే సరిపోతుంది. కుదురు నుంచి ఊడుతుంటే ఏ షాంపూ దాన్ని ఆపలేదు. 'హెయిర్ ఫాల్ కంట్రోల్' అని రాసిన సీసాలు ఎక్కువగా తగ్గించేది తెగడాన్నే.

రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. రెండు మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాళ్లకి ఆ రోజు అన్నీ కలిపి ఒకేసారి కనిపిస్తాయి, దానికి టెన్షన్ పడొద్దు. డెంగీ, టైఫాయిడ్‌లాంటి జ్వరాలు, కాన్పు, ఆపరేషన్, ఒక్కసారిగా తిండి మానేసి బరువు తగ్గడం, ఇలాంటివి జరిగిన రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మొదలవుతుంది. మధ్యలో అంత ఎడం ఉండటంతో జ్వరం ఎవరికీ గుర్తురాదు, నింద అప్పుడే కొన్న షాంపూ మీద పడుతుంది. ఇది సాధారణంగా కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోయినా, పాపిడి వెడల్పవుతున్నా, గుండ్రంగా మచ్చలా ఊడినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఐరన్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ, దాన్ని వదిలేసి నూనెలు మారుస్తూ కూర్చోవద్దు.

నూనె పెట్టి తలంటుకుంటే జిడ్డు పోవడం లేదు

ఈ మధ్య చాలామంది సల్ఫేట్ (జిడ్డుని గట్టిగా వదిలించే నురగ పదార్థం) లేని షాంపూలకి మారారు. రంగు వేసుకున్న జుట్టుకి, పొడి మాడుకి అవి బాగుంటాయి. కానీ రాత్రంతా నూనె పట్టించిన తలని వదిలించే శక్తి వాటిలో చాలావాటికి ఉండదు. నూనె పెట్టుకున్న రోజుకి సోడియం లారెత్ సల్ఫేట్, కోకమిడోప్రొపైల్ బీటైన్ కలిసి ఉన్న మామూలు షాంపూ చాలు. రెండుసార్లు పెట్టండి. మొదటిసారి నురగ రాదు, నూనెతోనే సరిపోతుంది. రెండోసారి వస్తుంది. నురగ రావడం లేదని మొదటిసారే గుప్పెడు పోసుకోవద్దు.

కుంకుడుకాయ రసం దీనికి ఇప్పటికీ మంచి మందు. అందులోని సాపోనిన్లు (నురగనిచ్చే సహజ పదార్థాలు) సబ్బులా తెట్టు కట్టవు, కాబట్టి బోరు నీళ్లలోనూ పనిచేస్తుంది. ఇబ్బందల్లా అది జిడ్డుని పూర్తిగా లాగేయడమే. ఉంగరాల జుట్టు, రంగు వేసిన జుట్టు మీద వాడితే తర్వాత దువ్వెన దిగదు. రసంలో మందారాకు నలిపి కలిపేది ఆ జారుడు కోసమే. లేదా రుద్దుకున్నాక కండిషనర్ రాసుకోండి, అందులో తప్పేమీ లేదు.

అసలు నూనె మానేయాలా? కొబ్బరి నూనె, సన్‌ఫ్లవర్ నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన 2003 నాటి అధ్యయనంలో వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. స్నానానికి గంట ముందు పొడవుకీ కొసలకీ రాసుకోండి. మాడు జిడ్డుగా ఉంటే నెత్తికి అక్కర్లేదు.

తలస్నానం చేసిన మర్నాటికే జిడ్డు

కండిషనర్‌ని నెత్తి నుంచి రాయడం ఇందుకు ఎక్కువగా కనిపించే కారణం. చెవుల కింద నుంచి మొదలుపెట్టండి. షాంపూని మాత్రం మాడు మీదే వేళ్ల కొసలతో రుద్దండి. కడిగేటప్పుడు జారే నురగ పొడవుకి సరిపోతుంది. అలా చేసినా జిడ్డు వస్తుంటే మీది నిజంగా జిడ్డు మాడే, రోజు విడిచి రోజు తలస్నానం చేయండి. ఎక్కువ కడిగితే నూనె ఎక్కువ ఊరుతుందన్న మాట నమ్మకండి. నూనె ఎంత ఊరాలో నిర్ణయించేది ముఖ్యంగా హార్మోన్లు.

కొత్త షాంపూకి పెద్ద సీసా కొనకుండా నాలుగు సాషేలు తెచ్చి చూడండి. చీటీ మీద పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరుసలో ఉంటాయి, మొదటి ఐదారు చూస్తే విషయం తెలుస్తుంది. ముందు పెద్ద అక్షరాలతో రాసే ఉల్లి, ఆర్గాన్, మందారం పేర్లు సువాసన తర్వాత ఎక్కడో చివర కనిపిస్తే, అవి చుక్క మాత్రమే కలిపారని అర్థం. సెటైల్ ఆల్కహాల్, సెటోస్టియరిల్ ఆల్కహాల్ చూసి భయపడొద్దు, అవి జుట్టుని మెత్తబరిచేవి.

చుండ్రు, దురద

సన్నటి తెల్లటి పొడి రాలుతూ జిడ్డు లేకపోతే అది పొడి మాడు కావచ్చు. షాంపూ ఘాటు తగ్గించండి. జిడ్డుగా, పసుపు ఛాయతో పెచ్చులు అతుక్కుని దురద పెడితే అది చుండ్రు. మాడు మీద ఉండే మలసేజియా అనే ఈస్ట్‌తో దానికి సంబంధం ఉంది. ఆ ఈస్ట్ బతికేదే నూనె మీద. అందుకని చుండ్రుకి నూనె పట్టించి నానబెట్టడం దానికి భోజనం పెట్టినట్టే.

2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడండి. మాడుకి పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాలి. పని చేయలేదనేవాళ్లలో ఎక్కువమంది పెట్టిన వెంటనే కడిగేస్తారు. కొసలకి మీ మామూలు కండిషనరే రాసుకోండి. తగ్గకపోతే, ఎర్రగా మందపాటి పొలుసులు కడితే డాక్టర్‌కి చూపించండి, అది సోరియాసిస్ కూడా అయి ఉండొచ్చు.

తడి ఆరకముందే ముడి వేసుకునే అలవాటు ఉంటే మానేయండి. కోస్తా ఉక్కపోతలో ఆ ముడి సాయంత్రం దాకా ఆరదు, ముక్క వాసన పట్టుకుంటుంది.

ఉంగరాల జుట్టు పొదలా ఉబ్బుతోంది

మాడు మీద ఊరే నూనె ఒంపులు దాటి కొసల దాకా దిగదు, పైగా విశాఖ, కాకినాడ గాలిలో తేమ. మీకు చిక్కటి కండిషనరే కావాలి, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ లాంటి జుట్టుని మెత్తబరిచే పదార్థం చీటీ మీద ముందు వరుసలో ఉంటే మంచిది. కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. ఆరాక దువ్వొద్దు.

కండిషనర్ రాస్తే సన్నజుట్టు నెత్తికి అతుక్కుపోతోంది

డైమెథికోన్ (వెంట్రుక మీద పొర కట్టే సిలికోన్) ఎక్కువున్న చిక్కటి రకం మానేసి పల్చటిది తీసుకోండి. బఠాణీ గింజంత చాలు, అదీ కొసలకే. షాంపూకి ముందే కండిషనర్ రాసి, తర్వాత షాంపూతో కడిగినా ఇలాంటి జుట్టుకి బాగుంటుంది.

నుదుటి అంచున, వీపు మీద చిన్న చిన్న మొటిమలు

నూనె, కండిషనర్ జారి చర్మ రంధ్రాల్లో చేరడం వల్ల వస్తాయి. కండిషనర్ కడిగేటప్పుడు జుట్టుని ముందుకి వేసుకుని తల వంచండి. ముఖానికి, వీపుకి సబ్బు ఆ తర్వాతే రాసుకోండి. దిండు గలీబు వారానికోసారి మార్చండి.